తాకట్టుకి పనికిరాని నగలు

మా ఇంట్లో రెండు రకాల బంగారం ఉండేది. ఒకటి ఎప్పుడూ బ్యాంకులో ఉండేది, ఇంకోటి ఎప్పుడూ ఇంట్లో ఉండేది. బ్యాంకులో ఉన్నది అసలుది. ఇంట్లో ఉన్నది చిలకలపూడిది.

బందరు వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: చిలకలపూడి మచిలీపట్నాన్ని ఆనుకునే ఉంటుంది. ఆ పేరు వినగానే మా వైపు వాళ్ళకి గుర్తొచ్చేవి రెండే, పాండురంగస్వామి గుడి, రోల్డ్ గోల్డు. అక్కడ ఎన్నో ఇళ్ళలో ఈ పనే బతుకుతెరువు. ఒకళ్ళు తీగలు వంచుతారు, ఒకళ్ళు అతుకులు పెడతారు, ఒకళ్ళు వరండాలో కూర్చుని రాళ్ళు అంటిస్తారు. ఇప్పుడు పక్కనే పోతేపల్లిలో జ్యువెలరీ పార్కు కూడా ఉంది. పెళ్ళిలో ఎవరి మెడలోనో హారం చూసి "చిలకలపూడిదా?" అని అడిగారంటే, అది ఎక్కడ కొన్నావని అడిగినట్టు కాదు. అడిగిన తీరుని బట్టి అది ఆరా కావచ్చు, ఎత్తిపొడుపు కావచ్చు.

ఈ నగలకి పేర్లు చాలా ఉన్నాయి. అమ్మమ్మ గిల్టు అనేది. అమ్మ రోల్డ్ గోల్డు అంటుంది. నాతో పనిచేసే అమ్మాయిలు వన్ గ్రామ్ గోల్డు అంటారు, ఇంకాస్త ఇంగ్లీషైతే ఇమిటేషన్, ఆర్టిఫిషియల్. నిజానికి ఇవన్నీ ఒకటి కాదు. రోల్డ్ గోల్డంటే ఇత్తడి లాంటి లోహం మీద పల్చటి బంగారు రేకు పెట్టి, వేడిమీద అతికి, రోలర్ల మధ్య సాగదీసి చేసేది. ఇప్పుడు మనం రోల్డ్ గోల్డు అని కొంటున్న వాటిలో చాలాభాగం అలా చేసినవి కావు. బంగారపు ఉప్పు కలిపిన ద్రావణంలో నగని వేలాడదీసి, కరెంటు పంపి పూత ఎక్కించినవి. వన్ గ్రామ్ అనే పేరులో గ్రాము ఉంది కదా అని ప్రతి నగలోనూ గ్రాము బంగారం ఉంటుందనుకోవద్దు. అది అమ్మకానికి పెట్టుకున్న పేరు.

అమ్మ దగ్గర ఉన్నవి: రెండు పేటల చంద్రహారం, కెంపుల నెక్లెసు, ఒక జత బుట్టలు, ఆరు గాజులు, నల్లపూసల గొలుసు, ఒక కాసులపేరు. అన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉండేవి. పుస్తెలు మాత్రం అసలువి, పసుపుతాడుకి ఉండేవి. షాపువాళ్ళు అసలు బంగారాన్ని గులాబీరంగు పల్చటి కాగితంలో చుట్టిస్తారు చూడండి, ఆ కాగితాలు అమ్మ దాచిపెట్టి ఈ గిల్టు నగలకి చుట్టేది. లోపలున్న బంగారం బ్యాంకుకి వెళ్ళింది, కాగితం ఇక్కడ మిగిలింది.

అసలు నగలు బ్యాంకుకి వెళ్ళడం మా ఇంట్లో ఒక ఋతువు లాంటిది. జూన్‌లో వెళ్ళేవి. నాన్నది చిన్న స్టేషనరీ షాపు, స్కూళ్ళు తెరిచే ముందు సరుకు ఎత్తాలి. సంక్రాంతికి తిరిగొచ్చేవి. ఒక్కోసారి వచ్చేవి కావు, వడ్డీ కట్టి తిరగరాసేవాళ్ళు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇక అస్సలు రాలేదు. వేలం అనే మాట నేను మొదటిసారి విన్నది వంటింట్లో, పాలవాడు ఎంతసేపటికీ రాని ఒక పొద్దున. అమ్మ ఏడవలేదు. "ఎవరితోనూ అనకు" అంది. అంతే.

అప్పట్నుంచి మా ఇంట్లో నగలు తోమడం అనే పని మొదలైంది. అంతకుముందు కూడా చేసేదేమో, నేను గమనించలేదు. పెళ్ళో, ఒడుగో, సీమంతమో వారం రోజుల్లో ఉందనగా రాత్రి భోజనాలయ్యాక తలుపు గడియ పెట్టి, రేకు డబ్బా తీసేది. నిజం బంగారాన్ని తోముకునేవాళ్ళు పట్టపగలు పెరట్లో కూర్చుని తోముకుంటారు. మేం రాత్రి తోముకున్నాం. నగ మెరిసినంత కాలం వేలం సంగతి ఇంట్లోనే ఉంటుంది. నల్లబడితే బయటపడుతుంది. పైన పటారం, లోన లొటారం అని ఎవరైనా అంటారని భయం. ఆ పటారాన్ని నిలబెట్టడానికి ఎంత చాకిరీ కావాలో ఆ సామెత కట్టినవాళ్ళకి తెలిసి ఉండదు.

ఈ నగలు ఎందుకు నల్లబడతాయో నాకు ఇంజనీరింగులో కెమిస్ట్రీ చదివినప్పుడు అర్థమైంది. లోపలుండేది ఎక్కువగా ఇత్తడి, అంటే రాగీ జింకూ. పైన బంగారం. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం యాభై నుంచి వంద మైక్రాన్ల దాకా ఉంటుంది. చవక నగల మీద బంగారం ఒక్క మైక్రాను కూడా ఉండదు. అంత పల్చటి పొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలోంచి చెమట దిగుతుంది. చెమటలో ఉప్పుంది, పులుపుంది. గాలిలో తేమా, గంధకం వాసనా ఉంటే ఇంకా తొందర. బందరులో సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలే ఆగవు. బంగారం నల్లబడదు. దాని కింద ఉన్న రాగి నల్లబడి, రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది. మెడ మీద పచ్చగా మరక పడేది కూడా ఆ రాగే, చెమటలోని ఉప్పుతో కలిసి. సబ్బుతో కడిగితే పోతుంది, దానివల్ల ప్రమాదం లేదు. దురదపెట్టి ఎర్రగా పొక్కితే మాత్రం అది వేరే సంగతి, చాలాసార్లు నికెల్. పూత కింద నికెల్ పొర వేసే అలవాటుంది. నికెల్ పడనివాళ్ళు ఆ నగ ఎంత శుభ్రం చేసినా పెట్టుకోకూడదు.

అంటే మనం "నల్లబడింది" అని ఒకే మాటతో అనేదాంట్లో మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి మురికి: చెమటా, పౌడరూ, పసుపూ, కొబ్బరినూనే రాళ్ళ సందుల్లో పేరుకుంటాయి. రెండోది చిలుము: లోపలి లోహం పైకొచ్చి మసకేయడం. మూడోది అరుగుదల: బంగారం పొరే పోవడం. మురికి కడిగితే పోతుంది. చిలుము కొంత పోతుంది. అరిగిపోయింది కడిగితే రాదు. ఈ మూడింటికీ కలిపి ఒకే వైద్యం చేయబోవడం వల్లే సగం నగలు పాడవుతాయి.

మన ఇళ్ళల్లో ఉన్న చిట్కాలన్నీ నిజానికి వేరే వస్తువుల కోసం పుట్టినవి. చింతపండు రాగి చెంబుకి. విభూది వెండి కుందులకి. కుంకుడుకాయ అసలు బంగారానికి. ఈమధ్య ఫోన్లలో తిరిగే అల్యూమినియం ఫాయిలూ వంటసోడా వేడినీళ్ళ చిట్కా కూడా వెండికే. వెండి మీది నలుపులో ఉన్న గంధకాన్ని అల్యూమినియం లాక్కుంటుంది, వెండి తెల్లబడుతుంది. గిల్టు నగ మీద ఆ లెక్క కుదరదు. పైగా వేడికి రాళ్ళ జిగురు ఊడుతుంది. గిల్టు రాళ్ళని కట్టరు, అంటిస్తారు. రాయి వెనక మెరుపు కోసం సన్నటి రేకు ఉంటుంది. అక్కడికి నీళ్ళు చేరితే కెంపు గుడ్డిదవుతుంది, మళ్ళీ కళ్ళు తెరవదు.

టూత్‌పేస్టు అందరికంటే పెద్ద దొంగ. పళ్ళమీద గార గీకడానికి అందులో సన్నటి గరుకుపొడి ఉంటుంది. మా పిన్ని కూతురు నిశ్చితార్థానికి ముందురోజు హారాన్ని పేస్టు పెట్టి బ్రష్షుతో రుద్దింది. అది తళతళలాడిపోయింది. ఫొటోల్లో కూడా బావుంది. రెండు వారాల తర్వాత చూస్తే మధ్యమధ్యలో ఎర్రటి మచ్చలు. చింతపండూ నిమ్మకాయా చేసేదీ దాదాపు ఇదే. పులుపుకి చిలుము కరుగుతుంది, కింద నుంచి తాజా ఇత్తడి బయటపడుతుంది. ఇత్తడి కూడా పచ్చగానే ఉంటుంది కదా, బంగారం తిరిగొచ్చిందని సంబరపడతాం. ఆ ఇత్తడికి ఇప్పుడు కప్పుకోవడానికేమీ లేదు, మునుపటి కంటే తొందరగా నల్లబడుతుంది. మళ్ళీ చింతపండు. మళ్ళీ నలుపు.

అమ్మకి ఈ కెమిస్ట్రీ ఏదీ తెలీదు. కానీ ఆవిడ పద్ధతి చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. కుంకుడుకాయలు రెండు గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, నురగ మాత్రం తీసుకునేది. నగని నీళ్ళలో ముంచేది కాదు. పాత మెత్తటి బనీను ముక్కని ఆ నురగలో తడిపి, గట్టిగా పిండి, ఒక్కొక్క కాసుకీ ఒక్కొక్క తుడుపు. రాళ్ళ సందుల్లోకి బేబీ బ్రష్షు, అదీ రుద్దడానికి కాదు, మురికి తొలగించడానికి. వెంటనే ఇంకో తడిబట్ట, ఆ వెంటనే పొడిబట్ట. తర్వాత ఫ్యాను కింద పాత నూలు చీర మీద పరిచేది. తేమ పూర్తిగా పోయాక ఒక్కొక్కటీ విడిగా చుట్టి, డబ్బాలో ఒక సుద్దముక్క వేసేది. సుద్ద తేమ పీలుస్తుంది. ఇప్పుడు నేను మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి ఇస్తున్నాను. విడిగా చుట్టడం ఎందుకంటే ఒకదాన్నొకటి గీసుకుంటే పూత పోతుంది. పెళ్ళి నుంచి రాగానే ఎంత అలిసిపోయినా, చీర మార్చుకోకముందే నగలు తీసి చెమట తుడిచేది. సెంటూ పౌడరూ అయ్యాకే నగ, నగ తీశాకే స్నానం. ఈ రెండు రూళ్ళు పాటిస్తే తోమాల్సిన పనే సగం తగ్గుతుంది. బుట్టల కాడలకి, చెవికి తగిలే చోట, రంగులేని గోళ్ళరంగు ఒక పూత పూసేది. అది నెలకోసారి పోయేది, మళ్ళీ పూసేది.

"గట్టిగా రుద్దితే తొందరగా అవుతుంది కదా" అని నేనంటే, "తొందరగా అయిపోతుంది" అనేది అమ్మ.

హైదరాబాద్ వచ్చాక నేను కొన్న మొదటి నగ శిల్పారామంలో, ఆక్సిడైజ్డ్ ఝుంకాలు. నా వయసు వాళ్ళందరి చెవులకీ ఉండేవే: మసిబారిన వెండిలా, ఏ తవ్వకాల్లోనో దొరికినట్టు. అవి నల్లగా ఉండటానికి కావాలని గంధకపు మందుతో నల్లబరుస్తారు. ఆక్సిడైజ్డ్ అని పేరేగానీ, అసలు వెండి మీదైతే ఆ నలుపు ఆక్సైడు కూడా కాదు, సల్ఫైడు. మనం వీధిలో కొనే రకంలో చాలావరకు వెండీ ఉండదు. జర్మన్ సిల్వరంటే రాగి, నికెల్, జింకు. పండక్కి ఇంటికెళ్తే అమ్మ నా చెవులు చూసి కంగారుపడింది. "కొత్తవే ఇలా నల్లబడిపోయాయేంటే? ఇలా తే, రాత్రికి తుడిచిపెడతాను" అంది. అమ్మా, ఇది ఫ్యాషన్, దీన్ని తుడవకూడదు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నలుపు కనపడకుండా ఉండటానికి ఏళ్ళ తరబడి గడియ వేసుకుని కూర్చున్న మనిషికి, కూతురు డబ్బిచ్చి నలుపు కొనుక్కొచ్చిందని అర్థం కావడం అంత సులువు కాదు. నల్లటి నగ పెట్టుకుని ధైర్యంగా తిరగ్గలగడం కూడా ఒక స్థోమతేనని నాకు అప్పుడు తట్టింది. నా నగ నల్లబడితే ఎవరూ మా ఇంటి అప్పులు లెక్కెయ్యరు.

మొపాసాకి నగల మీద రెండు కథలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన 'నెక్లెస్', 1884లో వచ్చింది. అరువు తెచ్చుకున్న రవ్వల హారం పోగొట్టుకుని, దాని బదులు అసలుది కొనిచ్చి, పదేళ్ళు అప్పు తీర్చాక, పోయింది నకిలీదని తెలుస్తుంది. అంతకు ముందు ఏడాదే ఆయన దీన్ని తిరగేసినట్టుండే ఇంకో కథ రాశాడు. అందులో భర్త తన భార్య పెట్టుకునేవన్నీ నకిలీ నగలనే అనుకుంటాడు. ఆవిడ పోయాక అమ్మబోతే అన్నీ అసలువని తేలుతుంది, అవి ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది. రెండు కథల్లోనూ ఏది అసలో ఏది నకిలీయో తెలియడమే పెద్ద దెబ్బ. మా ఇంట్లో అలాంటి మలుపేమీ లేదు. ఏది ఏదో మాకు ముందునుంచీ తెలుసు. తెలియనివ్వకుండా చూడాల్సింది బయటివాళ్ళకి.

ఆ అనుకోవడం కూడా కిందటేడు మామయ్య కొడుకు పెళ్ళిలో తేలిపోయింది.

పెళ్ళికి నెల ముందు నేను అమ్మకి ఒక సన్నటి గొలుసైనా అసలుది కొందామనుకున్నాను. 2025లో పది గ్రాముల ధర లక్ష దాటింది. నా జీతం, హైదరాబాద్ అద్దె, చెల్లి ఫీజు, ఇవి లెక్కేసుకున్నాక గొలుసు పక్కకి పోయింది. పోనీ కాసులపేరుకి మళ్ళీ పూత వేయిద్దామనుకున్నాను. దాని కాసులు ముందువైపు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వెనకవైపు, మెడకి తగిలే చోట, పూర్తిగా ఇత్తడి తేలింది. గొలుసు కొక్కెం దగ్గర కూడా అంతే. పూత పని ఇంట్లో అయ్యేది కాదు. పూతకి వాడే బంగారపు ద్రావణాల్లో మామూలుగా సైనైడు ఉప్పులుంటాయి, అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని. ఒకాయన చూసి, పాతది మొత్తం పాలిష్ చేసి గీసేసి కొత్త పూత ఎక్కించాలన్నాడు. ఎంతవుతుందో కూడా చెప్పాడు, ఎక్కువేం కాదు. అమ్మకి ఫోన్ చేస్తే, "వద్దులే. కొత్తగా మెరిస్తే అది నాది కానట్టుంటుంది" అంది. ఆ మాట నేను అప్పుడు బేరం తప్పించుకోవడానికి అన్నదనుకున్నాను.

పెళ్ళికి అమ్మ అదే కాసులపేరు వేసుకుంది. రాత్రి తుడిచింది, అంతే. తాళి కట్టేశాక, అందరూ తలంబ్రాల సందడిలో ఉండగా, పెద్దమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. పెద్దమ్మంటే మా అందరికీ కొంచెం బెదురు, మాట దాచుకోని మనిషి. అమ్మ మెడలో కాసు ఒకటి పట్టుకుని, వెనక్కి తిప్పింది. నా గుండె ఆగినంత పనైంది.

"ఏమే, ఇది ఆ పాత చిలకలపూడిదే కదూ. నాది చూడు ఎట్లా అయిపోయిందో" అని తన హారం ఎత్తి చూపించింది. "నువ్వు దేంతో తోముతావు? నాకు రెండేళ్ళకే కొరివిలా అయింది."

అమ్మ ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తోమకూడదక్కా. తుడవాలి. కుంకుడు నురగతో" అని మొదలుపెట్టింది. బనీను ముక్క సంగతీ, సుద్దముక్క సంగతీ, గోళ్ళరంగు సంగతీ అన్నీ చెప్పింది. వెనక కుర్చీలో కూర్చున్న ఎవరో దూరపు వదిన ముందుకి వంగి, "మరి నల్లపూసలకి కూడా అంతేనా పిన్నీ?" అని అడిగింది. ఏళ్ళపాటు గడియ వెనక దాగిన పని, మైకులో బాజాలు మోగుతుంటే నలుగురి మధ్య పాఠమైపోయింది.

బస్సులో తిరిగొస్తూ, "పెద్దమ్మకి ఎప్పట్నుంచి తెలుసంటావు?" అని అడిగాను. "మొదట్నుంచీ తెలిసే ఉంటుందిలే. దానివి కూడా బ్యాంకులోనే కదా పోయింది" అంది అమ్మ. కాస్సేపాగి, "అడిగుంటే ముందే చెప్పేదాన్ని" అంది. ఎవరు ఎవర్ని అడగాలో, ఎవరు ఎవరికి చెప్పాలో, నాకు అర్థమైనట్టూ ఉంది, కానట్టూ ఉంది.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ బంగారం అంటాంగానీ, దాన్ని ఆడవాళ్ళు వేసుకున్న రోజులు లెక్కపెడితే ఎన్నుంటాయి? అది షాపు పెట్టుబడి, కాలేజీ ఫీజు, ఆస్పత్రి బిల్లు, కూతురి కట్నం. ఆవిడ మెడ దానికి మధ్యలో ఆగిన స్టేషను. అందులో తప్పేమీ లేదు, ఆదుకోవడానికే కదా బంగారం అంటారు, నా చదువు కూడా దానిమీదే నడిచింది. కానీ అమ్మ నగల్లో నాన్నగానీ, బ్యాంకుగానీ, నేనుగానీ ఎప్పుడూ అడగనివి ఆ రేకు డబ్బాలోవే. ఎందుకంటే వాటిని అడిగి ప్రయోజనం లేదు. తాకట్టుకి పనికిరావు కాబట్టే అవి అమ్మతో ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళలో అవి ఆవిడ చర్మానికే అరిగాయి. వేరే ఎక్కడా అరగలేదు. ఆ రోజు ఫోన్లో "నాది కానట్టుంటుంది" అన్నమాట అప్పుడు వేరేగా వినపడింది.

ఇప్పుడు కాసులపేరు నా దగ్గరుంది. "నువ్వే ఉంచుకో, నాకు బరువు" అని ఇచ్చింది అమ్మ. దానికి పూత వేయించలేదు. అలాగని ఇత్తడి తేలిన వెనకవైపుని నా ఝుంకాల్లా ఫ్యాషన్ అనుకోవడమూ లేదు. వేసుకుంటాను, వచ్చాక చెమట తుడుస్తాను, ఆరబెట్టి చుట్టిపెడతాను. ఎవరైనా చూసి బంగారమా అని అడిగితే చిలకలపూడిది అని చెప్తాను. వాళ్ళకి వినే ఓపికుంటే, దేంతో తుడవాలో కూడా.